చరిత్రలో ఎం.ఏ., పీహెచ్‌డీ చేస్తే నిజంగా ఏం అబ్బుతుంది?

బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నానని, చరిత్రలో ఎం.ఏ. చేసి వీలైతే పీహెచ్‌డీ దాకా వెళ్లాలని ఉందని, ఇంట్లోవాళ్లు మాత్రం ‘తేదీలు బట్టీపట్టి ఏం బావుకుంటావు, బి.ఇడి. చేసి డీఎస్సీ చూసుకో’ అంటున్నారని మీరు రాశారు. పోటీ పరీక్షలకు అక్కరకు వచ్చే సమాచారం కాకుండా, ఈ పైచదువు వల్ల మనిషికి అబ్బే నైపుణ్యం అంటూ ఏమైనా ఉందా అన్నది మీ ప్రశ్న. నేను పంతొమ్మిదో శతాబ్దపు గుంటూరు ప్రాంత భూమిశిస్తు మీద పరిశోధన చేసి, పాతికేళ్లకు పైగా డిగ్రీ, పీజీ విద్యార్థులకు చరిత్ర చెప్పి, ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నవాడిని. నాకు తెలిసినంతవరకు దాపరికం లేకుండా, కొంచెం విస్తారంగానే చెబుతాను.

ముందు తేదీల సంగతి. మీ ఇంట్లోవాళ్ల అభిప్రాయం పూర్తిగా తప్పని అనను, ఎందుకంటే మన ఇంటర్మీడియట్, డిగ్రీ పరీక్షలు చరిత్రను అలాగే చూపిస్తాయి. అక్కడ తేదీ అంటే తెలిసి ఉండవలసిన జవాబు. ఎం.ఏ. రెండో సంవత్సరానికి వచ్చేసరికి, చెప్పేవారు సరైనవారైతే, అదే తేదీ ప్రశ్నగా మారుతుంది. ఇది మనకు ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు, చెప్పినవారికి ఎలా తెలుసు, దీనికి ముందు ఏ తేదీ చెప్పుకునేవారు, అది ఎందుకు మారింది అని అడగడం అలవాటవుతుంది. వినడానికి చిన్న మార్పే. నాకు మాత్రం ఆ చదువు మొత్తంలో దక్కిన అసలు ఆస్తి అదే.

మీది నల్లగొండ జిల్లా అన్నారు కాబట్టి ఆ జిల్లా ఉదాహరణే తీసుకుంటాను. నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో ఒక శిలాశాసనం ఉంది. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి నాడు పువ్వుల ముమ్మడి అనే బంటు, కాకతి రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని కోరుతూ భూమి దానం చేశాడన్నది అందులోని సారాంశం. శక సంవత్సరానికి 78 కలిపితే 1289 వస్తుంది. మార్గశిరం కాబట్టి నవంబరు నెల చివర. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు దీని ప్రాముఖ్యాన్ని వెలుగులోకి తెచ్చేదాకా రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పాలించిందనే పుస్తకాలు చెప్పేవి. ఒక బంటు వేయించిన దానశాసనం ఒక మహారాణి పాలన ముగింపును ఆరేడేళ్లు వెనక్కు జరిపింది.

బి.ఏ. విద్యార్థికి ఇక్కడితో పాఠం అయిపోతుంది: రుద్రమదేవి మరణం 1289, అంబదేవుడితో జరిగిన యుద్ధంలో. పై చదువుకు వెళ్లినవాడికి ఇక్కడే మొదలవుతుంది. ఆ రాతి మీద యుద్ధం అన్న మాట ఉందా? లేదు. అంబదేవుడి పేరు ఉందా? అదీ లేదు. ఆమె ఎక్కడ, ఎలా మరణించిందో ఉందా? లేదు. చివరికి ఆ తేదీ కూడా దానం చేసిన తేదీయే తప్ప మరణించిన తేదీ కాదు. మరి యుద్ధం మాట ఎక్కడి నుంచి వచ్చింది? రాణి, ఆమె సేనాని ఇద్దరి శివలోక ప్రాప్తి కోసం ఒకేసారి దానం జరిగింది కాబట్టి ఇద్దరూ ఒకే సందర్భంలో మరణించి ఉంటారు. సేనాని కూడా మరణించాడు కాబట్టి అది యుద్ధ సందర్భం అయి ఉంటుంది. ఆ కాలంలో కాకతీయుల మీద తిరగబడినవాడు కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు. మరుసటి ఏడాది, అంటే 1290లో, త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో అతడు ఎందరినో జయించానని చెప్పుకున్నాడు. ఈ నాలుగింటినీ కలిపితే వచ్చిన అనుమితి, అంటే ఆధారాలను బట్టి చేసిన ఊహ, అది. నా దృష్టిలో చాలా బలమైన అనుమితి, దీనికి మించిన వివరణ నాకు కనబడలేదు కూడా. అయినా అది అనుమితే. నేను తరగతిలో విద్యార్థుల చేత కాగితాన్ని నిలువుగా మడిపించి, ఒక పక్క రాయి చెప్పినది, రెండో పక్క మనం అనుకున్నది రాయించేవాడిని. మొదటి పక్క నాలుగు పంక్తులకే ఆగిపోయేది. రెండో పక్క కాగితం చాలేది కాదు.

రుద్రమదేవి విషయంలోనే మరొక చిక్కు చూడండి. ఆమె శాసనాలు చాలావాటిలో ఆమె పేరు ‘రుద్రదేవ మహారాజు’ అని పురుష నామంగా ఉంటుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం వేయించిన రుద్రదేవుడు ఆమెకు వంద సంవత్సరాల ముందువాడు. ఎక్కడో ఒక ఊళ్లో రుద్రదేవ మహారాజు పేరు కనబడితే ఇద్దరిలో ఎవరో సంవత్సరాన్ని బట్టి, లిపి తీరును బట్టి, అందులో కనిపించే సామంతుల పేర్లను బట్టి తేల్చుకోవాలి. ఇక మోటుపల్లి రేవును ప్రస్తావించిన మార్కో పోలో, ఆ దేశపు రాజు చనిపోయి నలభై ఏళ్లయిందని, అప్పటి నుంచి అతని రాణి పాలిస్తున్నదని రాశాడు. దాన్ని నమ్మి ఆమెను గణపతిదేవుడి భార్యగా భావించిన పండితులు ఒకప్పుడు ఉన్నారు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమె గణపతిదేవుడి కుమార్తె అని స్పష్టం చేస్తున్నది. అలాగని మార్కో పోలో అబద్ధాలకోరు అనడానికి వీలులేదు. రేవులో వర్తకులు చెప్పుకునేది విని రాసిన విదేశీయుడికి పాలకురాలు స్త్రీ అని సరిగ్గానే తెలిసింది, బంధుత్వం దగ్గర పొరపాటు దొర్లింది. ఒకే సాక్షి ఒక విషయంలో నమ్మదగినవాడై, మరొక విషయంలో కాకుండా పోవచ్చునని, అతనికి ఏది దగ్గరి నుంచి తెలిసే అవకాశం ఉందో దాన్ని బట్టి తూచాలని నేను నేర్చుకున్నది ఇలాంటి చోట్లనే. ఆ తరువాత ఇంటి తగాదాలు విన్నా, పత్రికలో వార్త చదివినా ఈ తూకం తనంతట తానే పని చేస్తూ ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చే ‘మరుగునపడిన మన చరిత్ర’ సందేశాల వల్ల బంధువులతో కొంత మాటపట్టింపు వస్తుందన్న మాట కూడా నిజమే.

కాలాన్ని లెక్కకట్టడం ఒక చేతిపని లాంటిది. మన పెద్దవాళ్లు నందన కరువు, ధాత కరువు అని సంవత్సరం పేరుతోనే చెప్పేవారు. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి, నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. వేరే ఆధారం తోడైతే తప్ప ఏ నందనో చెప్పలేము. శక సంవత్సరానికి 78 కలపాలని అందరికీ తెలుసు. తిథి పుష్య, మాఘ, ఫాల్గుణాలలో పడితే చాలాసార్లు 79 కలపవలసి వస్తుందన్నది చేసి చూస్తేనే అలవాటవుతుంది. శిస్తు లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరం మరీ తమాషా. ఫసలీకి 590 కలపమని చెబుతారు. కానీ మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధం నుంచి ఫసలీ జూలై ఒకటిన మొదలయ్యేది. నిజాం రాజ్యంలో ఆజూరు నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద హైదరాబాదు కాగితాల లెక్కలో ఫసలీ 1317 చివర పడుతుంది. అదే రోజు గుంటూరు తాలూకా కచేరీలో రాసిన కాగితం మీద ఫసలీ 1318 ఉంటుంది. ఇది తెలియకుండా రెండు ప్రాంతాల వర్షపాతాన్నో, పంటనో పక్కపక్కన పెట్టి పోల్చినవాడు ఒక ఏడాది తేడాతో పోల్చి, ఆ తేడాకు పెద్ద పెద్ద కారణాలు కనిపెడతాడు.

చదవడం కూడా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. తెలుగు వచ్చు కదా అని పాత కరణాల లెక్కలు తెరిస్తే, ఆ గొలుసుకట్టు రాతలో మొదటి వారం ఒక్క పంక్తి కూడా సాగదు. తరువాత ఒక కరణం ‘క’ను ఎలా మెలితిప్పుతాడో తెలుస్తుంది, అప్పుడు ఆ ఊరి కాగితాలన్నీ ఒక్కసారిగా నోరు విప్పుతాయి, పక్క ఊరికి వెళితే మళ్లీ మొదటికి. పుట్టి, తూము, గరిసె, కుచ్చెల వంటి కొలతలు ఊరు మారితే మారతాయి. వరహాలు, మాడలు, రూకలు కాలాన్ని బట్టి విలువ మారతాయి. హైదరాబాదులో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబుల కాలం నాటి పారశీక పత్రాలు అపారంగా ఉన్నాయి. అవి షికస్తా అనే విరుపు రాతలో ఉంటాయి కాబట్టి పారశీకం వచ్చినవారిలోనూ కొద్దిమందే చదవగలరు. శాసనం మీద తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది నకలు తీయడం నేను ఒక వేసవిలో నేర్చుకున్నాను. అచ్చులో సాఫీగా కనబడే శాసన పాఠం వెనుక ఎన్ని పెచ్చులూడిన అక్షరాలు, ఎన్ని ఊహలు ఉంటాయో ఆ ఎండలో అర్థమైనంతగా ఏ తరగతిలోనూ అర్థం కాలేదు.

కైఫీయతుల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన పరిశోధక విద్యార్థులు ఎక్కువగా జారిపడేది అక్కడే. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, అంతకు ముందు నుంచే, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి సహాయకుల ద్వారా ఊరూరా స్థానిక చరిత్రలు రాయించి సేకరించాడు. ఊరి పుట్టుక, గుడి కట్టినవారు, మాన్యాలు, ఏ రాజు తరువాత ఏ రాజు అన్న వివరాలతో నిండిన ఆ కైఫీయతులు చదువుతుంటే ఊరే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకే మోసం కూడా. చాలా ఊళ్లలో మాట్లాడుతున్నది ఊరు కాదు, ఆ ఊరి కరణం. అతని ఎదుట దండకవిలె (ఊరి పాత లెక్కల పుస్తకం) ఉండి ఉండవచ్చు, తాతముత్తాతల మాట ఉండి ఉండవచ్చు. అదే సమయంలో కుంఫిణీ దొర తరఫున వచ్చిన మనిషికి చెబుతున్నానన్న స్పృహ, తన మిరాసీ (వంశపారంపర్య హక్కు), తనవాళ్ల ఇనాములు (దానంగా వచ్చిన భూములు) ఎంత పాతవో నిరూపించుకోవాలన్న అవసరం కూడా ఉంటాయి. పన్నెండో శతాబ్దపు రాజు ఫలానా కుటుంబానికి కరణీకం ఇచ్చాడని కైఫీయతు చెబితే, అది పన్నెండో శతాబ్దానికి బలహీనమైన సాక్ష్యం, మెకంజీ నాటి ఊరి రాజకీయానికి బలమైన సాక్ష్యం. ఒకే కాగితం ఒక ప్రశ్నకు పనికిరాక, మరొక ప్రశ్నకు బంగారమై కూర్చోవడం చూసినప్పుడు కలిగే ఆనందం వేరు. నేను పరిశీలించిన సిద్ధాంత గ్రంథాలలో కొన్ని కైఫీయతును శాసనంతో సమానంగా ఉటంకించి ఊరుకున్నాయి, వాటిని వెనక్కు పంపవలసి వచ్చింది.

ఉద్దేశాన్ని చదవడం మోటుపల్లి అభయ శాసనం దగ్గర బాగా తెలుస్తుంది. 1244-45లో గణపతిదేవుడు వేయించిన ఈ శాసనం, తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప అంతా వర్తకులకే విడిచిపెడుతున్నానని ప్రకటిస్తుంది. పాఠ్యపుస్తకం దీన్ని రాజు దయాగుణంగా మెచ్చుకుని వదిలేస్తుంది. అయితే దయతో పాటు గంధం, కర్పూరం, ముత్యాల వంటి సరుకుల మీద సుంకం వివరాలు కూడా అందులోనే ఎందుకున్నాయి? 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయం ఎందుకు ఇవ్వవలసి వచ్చింది? రెండు శాసనాలనూ పక్కపక్కన పెడితే రేవు మీద రాబడి ఎంత కీలకమో, రాజ్యం చేతులు మారినప్పుడు వర్తకుడి నమ్మకాన్ని ఎలా మళ్లీ సంపాదించుకోవలసి వచ్చేదో కనబడుతుంది. దయ అబద్ధమని నేను అనడం లేదు. దయ ఒక్కటే అయితే సుంకం రేట్లు రాతి మీద చెక్కించనక్కరలేదని మాత్రం అంటున్నాను.

అంకెల విషయంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. 1832-33 కరువులో గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభాకు లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనాలు ఉన్నాయి. ఆ అంకె చదవగానే గుండె బరువెక్కుతుంది, ఎక్కాలి కూడా. కానీ మద్రాసు రాజధానిలో మొదటి సక్రమమైన జనాభా లెక్కలు 1871లో జరిగాయి. మరి 1832లో ఐదు లక్షలు అని లెక్కపెట్టింది ఎవరు? శిస్తు కోసం గ్రామాధికారులు పంపిన లెక్కలు అవి. కూలిపని వెతుక్కుంటూ మద్రాసు దారి పట్టి మళ్లీ తిరిగి రానివారు ఏ లెక్కలో పడ్డారు? ఇవన్నీ అడిగినంత మాత్రాన కరువు చిన్నదైపోదు; ‘అంచనా’ అన్న మాటను చెరిపేసి అంకెను మాత్రమే ఎత్తిరాయడం తప్పని తెలుస్తుంది. ఇదంతా ఎరిగిన నేనే, ఆ తరువాతి దశకాల జమాబందీ (ఏటా శిస్తు నిర్ణయించే) లెక్కలలో శిస్తు ఒక్కసారిగా పెరగడం చూసి, సాగు విస్తరించిందని ఒక అధ్యాయం మొత్తం రాశాను. మా గైడు గారు చదివి, ‘లెక్కలోకి వచ్చిన గ్రామాల సంఖ్య చూశావా?’ అని ఒక్క ప్రశ్న వేశారు. చూడలేదు. 1840లలో బాకీలు పేరుకుపోయిన జమీందారీల గ్రామాలు సర్కారు చేతికి వచ్చి ఆ పద్దులో కలిశాయి. పొలం పెరగలేదు, పద్దు పెరిగింది. ఎనిమిది నెలల పని నీళ్లలో పోయింది. అప్పటి నుంచి ప్రభుత్వ గణాంకాలు దేనివైనా సరే, అంకె కంటే ముందు ఆ అంకె దేన్ని లెక్కపెట్టిందో వెతుకుతాను. ఎం.ఏ. చరిత్ర విద్యార్థులు గణాంకాలకు భయపడతారు గాని, కావలసింది పెద్ద గణితం కాదు, ఈ అనుమానమే.

మాటలకూ వయసుంటుందని గుర్తుపట్టడం మరొకటి. కృష్ణదేవరాయల కాలపు రాయలసీమ అని మనం అలవోకగా రాసేస్తాం. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న ఆ జిల్లాలను దత్తమండలాలు అనేవారు. ఆ పేరు అవమానకరంగా ఉందని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరును ఎంచుకున్నారు. పదహారో శతాబ్దపు మనిషికి తాను రాయలసీమవాడినన్న స్పృహ ఉండే అవకాశం లేదు. కులం, మతం, జాతి, తెలుగుతనం వంటి పెద్ద మాటల దగ్గర ఇదే జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే అక్కడ పొరపాటు పుస్తకంలో ఆగదు, వీధిలోకి వస్తుంది.

కాగితం లేని చోట మనిషిని అడగాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను 1980లలో స్త్రీ శక్తి సంఘటన సభ్యులు ఊరూరా తిరిగి రికార్డు చేయకపోతే, ఆ పోరాటపు లిఖిత ఆధారాలలో చాలా భాగం పోలీసు నివేదికలు, పార్టీ పత్రాలుగానే మిగిలేవి. మీ జిల్లాలో అలాంటి కుటుంబాలు ఇంకా ఉంటాయి. మౌఖిక చరిత్రలో నేర్చుకునేది ఎక్కువగా నోరు మూసుకోవడం: జవాబు అందించకుండా ప్రశ్న అడగడం, మౌనాన్ని తొందరపడి పూడ్చకుండా ఉండటం, నలభై ఏళ్ల తరువాతి జ్ఞాపకంలో ఆ నలభై ఏళ్లూ కలిసి ఉంటాయని గుర్తుంచుకోవడం. చెప్పినవారి అనుమతి లేనిదే పేరు రాయకూడదన్న నియమం కూడా ఇక్కడే ఒంటబడుతుంది.

ఇతరుల రచనలను చదివే తీరు కూడా మారుతుంది. పీజీలో చరిత్ర రచనాశాస్త్రం అనే పేపరు ఉంటుంది, విద్యార్థులు దాన్ని పేర్ల జాబితాగా చదివి మరచిపోతారు. నిజానికి అది నేర్పవలసింది ఒకే ఆధారాల నుంచి ఇద్దరు నిజాయితీపరులైన చరిత్రకారులు వేర్వేరు నిర్ణయాలకు ఎలా వస్తారన్నది. ఒకరు గుడి శాసనాలలో రాజు భక్తిని చూస్తే, ఇంకొకరు ఆ గుడి చెరువు కింద పారిన నీటిని, దాని వల్ల పెరిగిన పంటను చూస్తారు. ఎవరిది ఏ ప్రశ్నో గ్రహించకుండా ఒకరిని తప్పుపట్టడం తేలిక. ప్రత్యర్థి వాదాన్ని అతను ఒప్పుకునేంత న్యాయంగా ముందు చెప్పి, ఆ తరువాతే కాదనడం సెమినార్లలో మాకు నేర్పిన మర్యాద. ఆ మర్యాద అన్ని విభాగాల్లోనూ ఉందని చెప్పలేను. కొన్ని చోట్ల సెమినార్ అంటే గైడు గారు వినగా టైపు చేసిన కాగితం చదవడమే. చేరేముందు ఆ విభాగంలో పరిశోధన చేస్తున్న ఒకరిద్దరితో మాట్లాడండి.

ఇక రాయడం. నా మొదటి అధ్యాయాన్ని మా గైడు గారు తిరిగి ఇచ్చినప్పుడు ‘నిస్సందేహంగా’, ‘సువర్ణయుగం’, ‘అప్రతిహతంగా’ వంటి మాటలన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి. ప్రతి వాక్యం పక్కన ‘ఎక్కడిది?’ అని రాసి ఉంది. బాధపడ్డాను. ఆరు నెలలకు, ఆధారం ఎంత బరువు మోయగలదో అంతే బరువున్న క్రియాపదం వాడటం అలవాటైంది: ‘చేశాడు’, ‘చేసి ఉండాలి’, ‘చేసి ఉండవచ్చు’, ‘చేశాడని అతను చెప్పుకున్నాడు’ అన్నవి నాలుగు వేర్వేరు మాటలు. తెలుగులో ఈ తేడా చూపే సౌలభ్యం పుష్కలంగా ఉంది, మనమే వాడము. అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) కూడా పాండిత్య ప్రదర్శనకు కాదు. నన్ను నమ్మనక్కరలేదు, వెళ్లి చూసుకోండి అని పాఠకుడికి దారి చూపించడం అది.

ఓపిక వస్తుందని అందరూ చెబుతారు, నిజమే, ఆర్కైవ్స్‌లో ఫైలు కోసం చీటీ రాసిచ్చి రెండు రోజుల తరువాత ‘దొరకలేదు’ అన్న జవాబు అందుకున్నవారికి రాక తప్పదు.

ఉపాధి విషయం మీరు సూటిగా అడగలేదు గాని మీ ఇంట్లోవాళ్ల ఆందోళన అదే కాబట్టి చెబుతాను. విశ్వవిద్యాలయ ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా పీహెచ్‌డీలోకి రావద్దు. శాశ్వత నియామకాల ప్రకటనలు అరుదుగా వస్తాయి, మధ్యలో గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులుగా ఏళ్లు గడిచిపోతాయి. నాకంటే తెలివైన సహాధ్యాయులు అలా అలసిపోవడం చూశాను. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్. ఆగిపోయింది, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే నెలవారీ భృతి) ఉంటే ఇంటి మీద ఆధారపడకుండా నెగ్గుకురావచ్చు. లేకపోతే ఆ ఏళ్ల ఖర్చు గురించి ముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి. మ్యూజియంలు, ఆర్కైవ్స్, పురావస్తు శాఖలు ఉన్నాయి, ఖాళీలు తక్కువ. గ్రూప్స్‌లో, సివిల్స్‌లో చరిత్ర విద్యార్థికి సిలబస్ సౌలభ్యం ఉన్నా, దాని కోసం పీహెచ్‌డీ అక్కరలేదు, ఎం.ఏ. కూడా తప్పనిసరి కాదు.

కానీ బయట గిరాకీ ఉండీ మనవాళ్లు పట్టించుకోని పని ఒకటుంది: పాత రికార్డులు చదవడం. తెలంగాణలో భూవివాదం వస్తే సేత్వారు (సర్వే తరువాత తయారైన మొదటి భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (పొలాల వారీ నమోదు), ఉర్దూలోనో పారశీకంలోనో ఉన్న ముంతఖబు (ఇనాం హక్కు పత్రం) చదివి, దాని అర్థమేమిటో చెప్పగలవారు కావాలి. ఆంధ్ర ప్రాంతంలో ఇనాం కమిషన్ నాటి రిజిస్టర్లు చదవగలవారు కావాలి. నా విద్యార్థి ఒకరు ఉద్యోగం రాక ఒక న్యాయవాది దగ్గర ఈ పనికి చేరి, ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నారు. ఆ పనికి కావలసినవి నేను ఇంతసేపూ చెప్పినవే: ఫసలీ ఏ నెలలో మొదలవుతుంది, ఈ రిజిస్టరు ఎవరు ఎందుకు రాశారు, ఈ నకలులో ఏ పదం తరువాత చేర్చినట్టు ఉంది. పత్రికల్లో వార్తల నిజానిజాలు సరిచూసే డెస్కుల్లోనూ, అనువాదంలోనూ, పాఠ్యపుస్తకాల తయారీలోనూ మావాళ్లు కొందరు స్థిరపడ్డారు. వీరిలో ఎవరి ఉద్యోగ ప్రకటనలోనూ చరిత్ర డిగ్రీ కావాలని లేదు.

ఈ చదువు తెచ్చే ఒక లోపం కూడా ఉంది. అనుమానించడం అలవాటైన కొద్దీ ఏదీ తేల్చి చెప్పలేని స్థితి వస్తుంది. అన్ని ఆధారాలూ చూసేదాకా రాయనని ఏడేళ్లు కూర్చుని, చివరికి ఏమీ రాయనివారిని నేను ఎరుగుదును. ఉన్న ఆధారాలతో ఇంతవరకు చెప్పవచ్చునని గీత గీసుకుని, రేపు చందుపట్ల లాంటి మరో రాయి బయటపడితే మార్చుకుంటానని ఒప్పుకుని, ఈ రోజుకు రాసి ముగించడం విడిగా నేర్చుకోవలసిన విద్య. పరిశోధనాంశం ఎంచుకునేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి: మీకు వచ్చిన భాషలో, మీరు వెళ్లి కూర్చోగల చోట ఆధారాలు ఉన్న అంశాన్నే తీసుకోండి. ఉర్దూ చదవడం రాకుండా అసఫ్‌జాహీల పాలన మీద పరిశోధన చేస్తానంటే, మీరు చదివేది ఇంగ్లీషులో ఇతరులు ఏరిపెట్టినదే అవుతుంది. ఎం.ఏ. రెండేళ్లలో ఒక లిపి గానీ, ఒక భాష గానీ అదనంగా నేర్చుకుంటే అదే మీ పెట్టుబడి.

దరఖాస్తు చేసేముందు ఒక పని చేసి చూడండి. చందుపట్ల మీకు దూరమేమీ కాదు. ఆ శాసనపు అచ్చు పాఠాన్ని మీ కళాశాల గ్రంథాలయంలోనో హైదరాబాదులోనో సంపాదించి, చేతిలో పట్టుకుని వెళ్లి, ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళలో రాతి మీద అక్షరం అక్షరం సరిచూసుకోండి. మొదటి అరగంట ఏమీ కనబడదు. తరువాత ఒక్కో అక్షరం తేలుతుంది, ఎక్కడో ఒకచోట అచ్చులో ఉన్నది రాతి మీద ఉన్నట్టు అనిపించదు. ఆ చోట ఇంటికి పోదామనిపించిందో, నీడ మారేదాకా అక్కడే కూర్చుందామనిపించిందో చూసుకుని, అప్పుడు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి.